చిత్తులో ఆగిన యుద్ధాలు

ఇవాళ రెండు యుద్ధ చిత్రాల గురించి చెబుతాను. రెండింటికీ చిత్తు తయారైంది, సాపు మాత్రం కాలేదు. రెండూ 1799లో, నెల తేడాలో జరిగిన యుద్ధాలవే. ఒకటి నజరేతు దగ్గర, రెండోది శ్రీరంగపట్నంలో. వీటికీ మన జగ్గయ్యపేట, నందిగామ మెట్టకీ ఏం సంబంధం అంటారేమో. ఉంది. కొంచెం చుట్టుదారిలో వస్తాను, ఓపిక పట్టండి.

ముందు చిత్తు సంగతి. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళు గుడ్డ మీద మొదట కాల్చిన చింతపుల్లతో గీస్తారు. ఆ బొగ్గు గీత మీద కలం నడుస్తుంది, తర్వాత రంగులు పడతాయి, ఉతుకులు పడతాయి. పని పూర్తయ్యేసరికి చింతబొగ్గు ఎక్కడా కనపడదు. బెజవాడలో ఒకప్పుడు సినిమా బ్యానర్లు రాసేవాళ్ళూ అంతే. చేతిలో చిన్న ఫొటో, దాని మీద గళ్ళు. గోడంత గుడ్డ మీద సుద్దదారంతో అవే గళ్ళు పెద్దవిగా కొట్టుకుని, ఈ గడిలో ముక్కు, ఆ గడిలో మీసం అని ఎక్కించేవారు. బ్యానరు లేచాక గళ్ళు ఎవరికి గుర్తు?

రెండు వందల ఏళ్ళ కిందట యూరపులో పెద్ద యుద్ధ చిత్రం వేసేవాడి పద్ధతి కూడా దాదాపు ఇదే, మెట్లు మాత్రం ఎక్కువ. ఒక్కొక్క మనిషినీ, ఒక్కొక్క గుర్రాన్నీ సుద్దతోనో బొగ్గుతోనో కాగితాల మీద విడివిడిగా గీసుకుంటాడు. తర్వాత అన్నిటినీ కలిపి చిన్న గుడ్డ మీద తైలవర్ణాలతో గబగబా ఒక నమూనా వేస్తాడు. డబ్బు పెట్టే దొర ఆ నమూనా చూసి సరేనంటే అసలు కాన్వాసు ఎక్కుతుంది. ఒప్పుకోకపోతే? ఆ కథే మొదటిది.

ఫ్రాన్సులో ఆంత్వాన్ జాన్ గ్రో అని ఒక చిత్రకారుడు. నెపోలియన్ సైన్యం ఈజిప్టు మీద పడి, అక్కణ్ణుంచి పాలస్తీనాలోకి నడిచింది. అక్కడ 1799 ఏప్రిల్ 8న నజరేతు దగ్గర జునో అనే సేనాని కొద్ది వందల మందితో తనకంటే ఎన్నో రెట్లున్న టర్కీ రౌతుల్ని ఎదిరించి నిలబడ్డాడు. ఆ పోరాటాన్ని చిత్రించాలని 1801లో ప్రభుత్వం పోటీ పెట్టింది. గ్రో ఆ యుద్ధం చూడలేదు, ఆ దేశమే చూడలేదు. జునో ఇచ్చిన యుద్ధభూమి పటం ముందు పెట్టుకుని నమూనా వేశాడు, పోటీలో గెలిచాడు. దాని పొడవు రెండు గజాలకు కొంచెం ఎక్కువ, ఎత్తు గజంన్నర. ఇప్పుడు ఫ్రాన్సులోనే నాంత్ పట్టణం మ్యూజియంలో ఉంది.

రేడియోలో బొమ్మ చూపించలేను గనక మాటల్లో చెబుతాను. అంతకుముందు యుద్ధ చిత్రమంటే నడి మధ్యన సేనాధిపతి, చేతిలో కత్తి, చుట్టూ వరసలు తీరిన పటాలాలు, దూరంగా మర్యాదగా లేచే పొగ. గ్రో నమూనాలో అలాంటి మధ్యస్థానం లేదు. ఎటు చూసినా ఒక జగడం. ఒక మూల కలబడ్డ గుర్రాలు, ఇంకో మూల కింద పడ్డవాడి మీదికి దూకుతున్నవాడు, వాటి మధ్య ఎండలో తేలే దుమ్ము. ఆ దుమ్ములో ఎర్రగా, తెల్లగా విరజిమ్మినట్టు రంగుముక్కలు. అవి తలపాగాలో, జెండాలో, నెత్తురో దగ్గరికి వెళితేగాని తెలియదు. కుంచె ఎటు కొట్టిందో ఆ దెబ్బ అలాగే కనపడుతుంది, నున్నగా చేసే ఓపిక పట్టలేదు. జునో ఉన్నాడు, కానీ ఆ గొడవలో తానూ ఒకడుగా ఉన్నాడు.

సరిగ్గా అదే చిక్కయింది. యుద్ధం గెలిచింది జునో. పటం మీద పేరు జునోకి పోతుంది. అప్పటికి దేశానికి పెద్ద తలకాయ నెపోలియన్. తన కింద పనిచేసేవాడికి అంత పెద్ద చిత్రం అతనికి రుచించలేదని అంటారు. కారణం ఏదైనా, పని ఆగిపోయింది. నజరేతు యుద్ధం కోసం సిద్ధం చేసిన కాన్వాసును కోసి, ఒక ముక్క మీద గ్రో చేతే వేరే చిత్రం వేయించారు. 1804లో పూర్తయిన ఆ చిత్రంలో నెపోలియన్ జాఫా ఊళ్ళో ప్లేగు రోగుల మధ్య నిలబడి, ఒక రోగి గడ్డ మీద చేయి వేస్తున్నాడు. ఇరవై మూడు అడుగుల వెడల్పు, పదిహేడు అడుగుల ఎత్తు, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో గోడ నిండా ఉంది. గొప్ప చిత్రమే, కాదనను. కానీ దొర నడిమధ్యకి వచ్చి నిలబడ్డాడు, వెలుగంతా ఆయన మీదే.

చిత్తులోకి ఇంకా దొర రాడు, సాపులోకే వస్తాడు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగతావన్నీ దీనికి సాక్ష్యాలు. తర్వాతి తరంలో జెరికో, దెలాక్రువా వంటి చిత్రకారులు నజరేతు నమూనా చూసి పాఠం నేర్చుకున్నారు. దాన్ని నకలు తీసుకోవడానికి జెరికో వెయ్యి ఫ్రాంకులు ఇచ్చుకున్నాడని ఒక మాట ప్రచారంలో ఉంది. రొమాంటిక్ యుగపు యుద్ధ చిత్రానికి ఒక పెద్ద మూలం పూర్తికాని ఈ నమూనాయే.

ఇక మన దేశానికి వద్దాం. నెపోలియన్ కైరోలో ఉండగానే, 1799 జనవరిలో మైసూరు టిప్పు సుల్తానుకు ఉత్తరం రాశాడు, ఇంగ్లీషువాళ్ళ ఇనుప సంకెళ్ళ నుంచి నిన్ను విడిపిస్తానన్న ధోరణిలో. ఉత్తరం టిప్పుకి అందలేదు, దారిలో ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కింది. అప్పటికే వాళ్ళు ఇటు పావులు కదిపేశారు. హైదరాబాదులో నిజాం కొలువులో ఫ్రెంచి దొరల చేతికింద ఒక సేన ఉండేది. 1798 అక్టోబరులో ఈస్టిండియా కుంఫిణీ పటాలాలు గుంటూరు సర్కారులో కూడుకుని, కృష్ణ దాటి హైదరాబాదు చేరి, ఆ సేన చేత ఆయుధాలు కింద పెట్టించాయి. తర్వాత కొద్ది నెలలకే నిజాం తరఫు సైన్యంతో కలిసి శ్రీరంగపట్నం దారి పట్టాయి. కుంఫిణీ సిపాయిల్లో మనవాళ్ళు ఎంత మంది ఉండేవారంటే, ఉత్తరాదిలో సిపాయి అనడానికి తిలంగా అనేవారు.

1799 మే 4 మధ్యాహ్నం, మండుటెండలో, కావేరి పాయ దాటి శ్రీరంగపట్నం కోట గోడకు పడ్డ గండి ఎక్కారు. గండి ఎక్కిన దళంలో నాలుగు వేలకు పైగా మనుషులు, తెల్లవాళ్ళూ సిపాయిలూ కలిసి. సాయంత్రానికి టిప్పు కోట ద్వారం దగ్గర శవాల కింద దొరికాడు.

వార్త లండన్ చేరగానే బొమ్మల గిరాకీ మొదలైంది. రాబర్ట్ కెర్ పోర్టర్ అనే కుర్రవాడు, ఇండియా ముఖం చూడనివాడు, ఆరు వారాల్లో నూట ఇరవై అడుగుల పొడవున కోట ముట్టడి చిత్రం వేసి 1800లో ప్రదర్శనకు పెట్టాడు. జనం టిక్కెట్టు కొని చూశారు. ఆ గుడ్డ ఇప్పుడు లేదు, దాన్ని చూసి వేసిన అచ్చు బొమ్మలు మిగిలాయి. నలభై ఏళ్ళ తర్వాత, 1839లో, డేవిడ్ విల్కీ అనే స్కాట్లండు చిత్రకారుడు టిప్పు శవాన్ని కనుక్కున్న ఘట్టం వేశాడు. డబ్బు పెట్టింది ఆ దాడికి నాయకత్వం వహించిన బెయిర్డు గారి భార్య, అప్పటికి వితంతువు. కనక బెయిర్డు నిలువెత్తున మధ్యలో, దీపం వెలుగులో, చేతిలో కత్తితో. ఆయన కాళ్ళ దగ్గర నేలలో ఒక కటకటాల కిటికీ. ఒకప్పుడు టిప్పు ఆయన్ని బంధించిన చెర అదేనని గుర్తు చేయడానికి. విల్కీ దీనికి చిత్తులు చాలానే వేసుకున్నాడు.

మన కథలో మనిషి వీళ్ళిద్దరూ కాదు. థామస్ హిక్కీ. డబ్లిన్‌లో పుట్టిన ఐర్లండువాడు. మొదటిసారి ఇండియాకి ఓడెక్కితే దారిలో ఫ్రెంచివాళ్ళు, స్పెయినువాళ్ళు కలిసి ఓడ పట్టుకున్నారు. తర్వాత ఇంగ్లీషు రాయబారంతో పాటు చిత్రకారుడి హోదాలో చైనా వెళ్ళి, చెప్పుకోదగ్గ బొమ్మ ఒకటీ వేయకుండా తిరిగొచ్చాడు. 1798లో మద్రాసులో దిగాడు. శ్రీరంగపట్నం పడిందనగానే అక్కడికి వెళ్ళి, ఆ యుద్ధ ఘట్టాలన్నీ వరసగా పెద్ద చిత్రాలు వేస్తానని పూనుకున్నాడు. వాటిలోకి ఎక్కించడం కోసం, యుద్ధంలో పాల్గొన్న అధికారుల ముఖాలు ఒక్కొక్కటీ నల్లసుద్ద, తెల్లసుద్దతో గీశాడు.

పెద్ద చిత్రాలు రాలేదు, సుద్ద ముఖాలు మిగిలాయి. యాభైకి పైగా ఉన్నాయవి, ఇంగ్లండులో వెల్లింగ్టన్ డ్యూకుల ఇంట్లో. ఆ వంశానికి పేరు తెచ్చిన ఆర్థర్ వెల్లెస్లీ కూడా శ్రీరంగపట్నంలో ఉన్నవాడే.

సుద్దతో ముఖం గీయడంలో ఒక సుగుణం ఉంది. నల్లసుద్దతో కంటి గుంట, ముక్కు కింద నీడ, తెల్లసుద్దతో నుదుటి మీద మెరుపు. అంతవరకే. కోటు గుండీలు రెండు గీతల్లో తేల్చేయొచ్చు, చేయి వేయనక్కర్లేదు, వెనక కోట వేయనక్కర్లేదు. ఎదుట కూర్చున్నవాడు ఎండకు మాడి, జ్వరం పడి లేచి, ఇంటికి ఎప్పుడు పోతానా అన్నట్టున్నాడనుకోండి, అది అలాగే పడుతుంది. పెద్ద చిత్రంలోకి వచ్చేసరికి వాడు గండి ఎక్కి కత్తి దూయాలి, నోరు తెరిచి కేకేయాలి. హిక్కీ బద్ధకమో, డబ్బు ఇచ్చేవాళ్ళు లేకపోవడమో, మొత్తానికి ఆ కేకలు పడలేదు. నాకైతే అందుకు విచారం లేదు.

విచారం ఉన్నది ఇంకో సంగతికి. హిక్కీ గీసింది అధికారుల ముఖాలు. గండి ఎక్కినవాళ్ళలో ఉన్న సిపాయిలు? మద్రాసు పటాలాల్లో మన ఊళ్ళ పేర్లు మోసినవాళ్ళు? వాళ్ళని ఎవరూ కూర్చోబెట్టి గీయలేదు. సాపులో గుంపుగానైనా పడేవాళ్ళేమో. చిత్తులోకి దొర రాడన్నాను, నిజమే. కానీ చిత్తు ఎవరిది గీయాలన్నది కూడా దొరలే తేల్చారు, ఆ మాటా చెప్పుకోవాలి.

ఆ ముట్టడిలో నిజాం తరఫు సైన్యంతో వెళ్ళిన ఇంజనీరు ఒకడున్నాడు. కాలిన్ మెకంజీ. ఫిరంగులు ఎక్కడ దించాలి, కందకం ఎటునుంచి తవ్వుకుంటూ పోవాలి, గోడ ఎక్కడ కొడితే కూలుతుంది, ఇవన్నీ కాగితం మీద గీసి కొలిచే పని ఇంజనీర్లది. హిక్కీది యుద్ధం బొమ్మకు చిత్తు. వీళ్ళది యుద్ధానికే చిత్తు.

మెకంజీ మన తెలుగువాళ్ళకి కైఫీయతుల దొరగా, అంటే ఊళ్ళ చరిత్రలు రాయించి పోగుచేసిన దొరగా తెలుసు. ఏలూరు కుర్రవాడు కావలి వెంకట బొర్రయ్య 1796 ప్రాంతంలో ఆయన దగ్గర చేరాడు. హిందూదేశపు విద్యల వాకిట్లోకి తనను చేయిపట్టుకుని నడిపించింది బొర్రయ్యేనని మెకంజీ తర్వాత ఉత్తరంలో రాసుకున్నాడు. బొర్రయ్య 1803లో, ముప్పై నిండకుండానే పోయాడు. తమ్ముళ్ళు లక్ష్మయ్య, రామస్వామి ఆ పని కొనసాగించారు.

ఇప్పుడు 1816కి రండి. మెకంజీ హిందూదేశపు సర్వేయరు జనరలు అయ్యాడు, మద్రాసులో ఉన్నాడు. డెబ్బై దాటిన హిక్కీ కూడా మద్రాసులోనే. హిక్కీ ఆయన బొమ్మ వేశాడు. ఎర్ర కోటులో దొర మధ్యలోనే నిలబడ్డాడు, అది మామూలే. కానీ పక్కన ముగ్గురు మనవాళ్ళున్నారు. దుర్భిణి పట్టుకున్న జవాను కిష్ణాజీ, తాటాకు ప్రతి పట్టుకున్న జైన పండితుడు ధర్మయ్య, కావలి లక్ష్మయ్య. వాళ్ళు గుంపు కాదు, ఎవరి ముఖం వారిది, ముగ్గురి పేర్లూ మనకు దక్కాయి. వెనక కొండ మీద గోమటేశ్వరుడి విగ్రహం, సర్వే కొలతల కోసం పాతిన గడకర్ర. శ్రీరంగపట్నంలో సిపాయి ముఖం గీయని చేయి పదిహేడేళ్ళకు ఏలూరువాడి ముఖాన్ని గీసింది. బొమ్మ ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఇక మన మెట్ట. శ్రీరంగపట్నం ముట్టడికి కాస్త ముందు, 1797 ప్రాంతంలో, మెకంజీ అమరావతి వెళ్ళాడు. అప్పుడు ఆ ప్రాంతానికి ప్రభువు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. కృష్ణకు ఇటు నందిగామ పరగణా, అటు చింతపల్లి, అన్నీ ఆయనవే. పాలేటి పక్కన బేతవోలు దగ్గర పేట కట్టించి, తండ్రి జగ్గన్న పేరు పెట్టింది ఆయనే. అదే మన జగ్గయ్యపేట. చింతపల్లి వదిలి అమరావతిలో కొత్త పట్నం కట్టించుకుంటూ, రాయి కోసం దీపాలదిన్నె అనే మట్టిదిబ్బ తవ్విస్తే, లోపల పాత బౌద్ధ స్తూపం, దాని పాలరాయిలాంటి బొమ్మల పలకలు బయటపడ్డాయి. పలకలు మెట్లయ్యాయి, గోడలయ్యాయి. ఊరు కట్టేవాడికి రాయి కావాలి, అందులో ఆయన్ని ఒక్కణ్ణీ తప్పుపట్టి లాభం లేదు. ఆ రోజుల్లో కోటగోడ రాయి గుడికీ, గుడి రాయి చెరువుకీ తరలడం అన్నిచోట్లా ఉన్నదే.

మెకంజీ 1816లో మళ్ళీ మనుషుల్ని తీసుకుని వచ్చాడు. ఆ ఏడే వెంకటాద్రి నాయుడు కాలం చేశాడు. దిబ్బ నడుమ అప్పటికి చెరువు కోసం తవ్విన గొయ్యి. మెకంజీ దగ్గర న్యూమన్, హామిల్టన్, బార్నెట్ వంటి చిత్రలేఖకులు ఉన్నారు. వాళ్ళు రాళ్ళ పక్కన కూర్చుని, ఏ పలక ఎక్కడ నిలబడి ఉంది, ఏది ఏ దిక్కుకు పడి ఉంది, దాని మీద బొమ్మేమిటి అని ఒక్కొక్కటీ గీశారు. ఎనభై పైచిలుకు బొమ్మలు. కొన్నిటి మీద గీసినవాడి పేరు, తేదీ ఉన్నాయి. రాయికి పగులుంటే పగులు గీశారు, ముక్కు పోతే పోయిన ముక్కే గీశారు. బాగు చేసి చూపించాలన్న తాపత్రయం లేదు. మెకంజీ వాటితో పెద్ద గ్రంథమే వేయించి ఉండేవాడేమో, 1821లో చనిపోయాడు. గ్రంథం రాలేదు. గీసిన రాళ్ళలో చాలావాటి జాడ తర్వాత దొరకలేదు. ఇవాళ అమరావతి స్తూపం ఎలా ఉండేదో ఎవరైనా ఊహించాలంటే ఆ కాగితాల దగ్గరికే పోవాలి. ఇదీ సాపు కాని చిత్తే. సాపు రాలేదు, మూలంలోనూ చాలా భాగం పోయింది, పోయినదానికి చిత్తు ఒక్కటే సాక్ష్యం చెబుతోంది.

జగ్గయ్యపేటలోనే ఇంకో దిబ్బ ఉంది, ధనబోడు. ఆ పేరు పెట్టినవాళ్ళు కింద ధనం ఉందనుకున్నారు. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్విస్తే చిన్న స్తూపం బయటపడింది, ముప్పై అడుగులు కాస్త మించిన వ్యాసం. 1887లో అమరావతినీ జగ్గయ్యపేటనీ కలిపి ఆయన పుస్తకం వేశాడు. అక్కడి శాసనాల్లో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పేరుంది. నాగచంద్రుడి కొడుకు సిద్ధార్థుడు అనే శిల్పి, ఆ మహాచైత్యం తూర్పు వాకిట అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టానని చెప్పుకున్నాడు. పని చేసినవాడి పేరు రాయి మీద ఉండటం చూస్తే నాకు ఎప్పుడూ సంతోషమే.

ఆ స్తూపం పలకల్లో పేరున్నది బౌద్ధ కథల్లోని మాంధాత చక్రవర్తిది. రెండు వేల ఏళ్ళ పైమాట. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న సున్నపురాయి. మధ్యలో పొడుగ్గా, సన్నగా రాజు. తలపాగా, చెవులకు బరువైన కుండలాలు, మీద గొడుగు. కుడిచేయి ఆకాశం వైపు ఎత్తాడు, మబ్బులోంచి నాణేలు జలజలా రాలుతున్నాయి. మన పాత నాణేల్లాగా నలుపలకవి, గుండ్రటివి కావు. చుట్టూ ఏడు రత్నాలు, చక్రం, మణి, ఏనుగు, గుర్రం, రాణి, భాండాగారి, మంత్రి.

దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. చెక్కడం లోతు లేదు. అమరావతి పలకల్లో మనుషులు రాయిలోంచి బయటికి తోసుకొస్తారు, ఇక్కడ రాయికి అంటుకునే ఉన్నారు. భుజం దగ్గర ఉలి మొదలెట్టి, నడుము దాకా ఆపకుండా లాగిన ఒకే గీత. కాగితం మీద గీసినంత పలచన. ఉలితో గీసిన చిత్తులాగే ఉంటుంది. పైగా ఇది దిగ్విజయం బొమ్మ. చక్రం ముందు దొర్లుతుంటే వెనక చక్రవర్తి వెళతాడు, రాజులు ఎదురొచ్చి లొంగుతారు, నెత్తురు చుక్క పడదు. ఏనుగూ గుర్రమూ తీరిగ్గా నిలబడి ఉన్నాయి, తొక్కడానికి కింద ఎవరూ లేరు. గ్రో గుర్రాలు చూసిన కళ్ళతో ఈ గుర్రాన్ని చూస్తే తమాషాగా ఉంటుంది. యుద్ధం ఎగ్గొట్టి దిగ్విజయం మాత్రం గీశాడు మన శిల్పి.

ఆ పలక జగ్గయ్యపేటలో లేదు. చెన్నైలో ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. బెజవాడలో పొద్దున పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతారు. జగ్గయ్యపేట, నందిగామ డ్రాయింగు మాస్టార్లకు నాదొక మనవి, పిల్లల్ని తీసుకెళ్ళండి. అందరికీ ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి మాంధాత ముందు అరగంట కూర్చోబెట్టండి, రబ్బరు మాత్రం ఇవ్వకండి. శుక్రవారం వెళ్ళకండి, ఆ రోజు మ్యూజియానికి సెలవు.